పదకొండో చుట్టు

నేను ఒక గళ్ళ గుడ్డని. చీరాల మగ్గం మీద లుంగీగా పుట్టాను. నలుపు తెలుపు గళ్ళు కావడం వల్ల నా బతుకు ఇంకో దారి పట్టింది.

లారీ షెడ్ల వెనకున్న చెరువు వేసవిలో ఎండిపోయేది. మెకానిక్కులు తుక్కుకు పోవాల్సిన అంబాసిడర్లు తెచ్చి, తలుపులు తీగతో కట్టి, సున్నంతో గీసిన బాటలో పన్నెండు చుట్లు పందెం వేసేవాళ్ళు. వానలకు బాట మునిగిపోయేది. మళ్ళీ వేసవికి మళ్ళీ గీసేవాళ్ళు.

ఎవరో టీవీలో, పందెం అయిపోగానే ఊపే గళ్ళ జెండా చూశామన్నారు. వెంటనే మెకానిక్ ఏసుపాదం లుంగీ, అంటే నేను, అతని భార్య కరుణమ్మ కత్తెర కిందికి వచ్చాను. చుట్లు లెక్కపెట్టే పనీ ఆమెకే అప్పగించారు. మగవాళ్ళు లెక్కపెడితే ఏటా తన్నులాటే. ఆమె దర్జీ, కొలత తప్పదని అందరి నమ్మకం. పద్నాలుగేళ్ళు తప్పలేదు కూడా.

గాలి లేకపోయినా నాకు కుదురుండేది కాదు. ఏసుపాదం బండి మలుపు తిరిగిన ప్రతిసారీ కరుణమ్మ నన్ను మెలిపెట్టేది.

చెరువులో ప్లాట్లు వేస్తారని తెలిసి, ఆ ఏడే ఆఖరి పందెం అనుకున్నారు. ఏసుపాదం అప్పటిదాకా ఒక్కసారీ గెలవలేదు.

"ఈసారి కప్పు మనింట్లోనే," అన్నాడు పొద్దున.

"ముందు నువ్వు ఇంటికి రా," అంది ఆమె.

తొమ్మిదో చుట్టులో అతని బండి ముందు చక్రం ఊగడం మొదలైంది. ఆపమని ఆమె చెయ్యి ఊపింది. అతను నవ్వి తనూ ఊపాడు. పదకొండో చుట్టుకి ముందున్న మస్తాన్ బండిని దాదాపు అందుకున్నాడు. మస్తాన్ గీత దాటగానే కరుణమ్మ నన్ను ఎత్తి కిందికి ఊపేసింది.

"పదకొండేగా అక్కా?" అన్నాడు టీ కొట్టు సుభానీ.

"పన్నెండు. నువ్వు టీ చూసుకో, లెక్క నేను చూసుకుంటా."

ఇంకెవరూ అడగలేదు. బండిని షెడ్డుకి నెట్టుకెళ్తుంటే చక్రం ఊడి, తనంతట తనే కొంత దూరం దొర్లి పడింది. ఏసుపాదం దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత చెరువులో ప్లాట్లకు గీతలు గీశారు, అదే సున్నంతో. "ఇంకొక్క చుట్టుంటే కొట్టేవాణ్ణి," అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు ఏసుపాదం. చక్రం సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

ఇప్పుడు నేను వంటింట్లో వేడి గిన్నెలు దించే మసిగుడ్డని. నిన్న కుక్కర్ రెండో విజిల్ వేయగానే కరుణమ్మ స్టవ్ కట్టేసింది.

"మూడు రాలేదే," అన్నాడు ఏసుపాదం వసారాలోంచి.

"వచ్చినయ్."

"ఆ రోజూ అంతే. పదకొండే."

ఆమె పిడికిట్లో నేను నలిగిపోయాను.

అన్నం పలుకుగా ఉంది. అతను అంతా తిన్నాడు. ఇంకాస్త పెట్టమని కంచం ముందుకు జరిపాడు.