తలుపు చప్పుడు

మా ఆయనకు ఆ కారంటే పిచ్చి అని ఊరుకుంటే తక్కువ చెప్పినట్టే. పాత ఇనుము కొట్టులో దొరికిన అరవైల నాటి బండి. మీగడ రంగు, ఎర్ర తోలు సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు. బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంటి పైకప్పు కారుతుంటే చూడకుండా, పైకప్పే లేని బండికి మెరుగులు దిద్దుతున్నారని సాధించేదాన్ని. ఆయన నవ్వి, నన్ను షెడ్డులోకి పిలిచి, తలుపు మూసి వినిపించేవారు. మెత్తగా, బరువుగా ఒక్క చప్పుడు.

"విన్నావా? తలుపంటే ఇది. మా బస్సుకున్నవి ఉత్త రేకులు," అనేవారు.

నిజం చెప్పొద్దూ, ఆ చప్పుడు నాకూ నచ్చేది.

అప్పటికే ఆయన చూపు తగ్గిపోతోంది. ఈ ఏడాది దాటితే బండి నడపడం మర్చిపొమ్మని కళ్ల డాక్టరు తేల్చేశాడు. టాపు తీసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కసారి ఊరి చివరిదాకా నడపాలన్నదే ఆయన కోరిక. తలుపుల కింద తుప్పు పట్టిన రెండు ఇనప దూలాలు మార్చడమే మిగిలింది.

"టాపు లేని బండి బావా, బలమంతా ఆ దూలాల్లోనే ఉంటుంది. కోసేముందు, బండి కుంగకుండా తలుపుల సందుల్లో ఆసరా కడ్డీలు బిగిద్దాం. రేపు తెస్తా, అప్పటిదాకా ముట్టుకోకు," అన్నాడు వెల్డింగు పని చేసే మా తమ్ముడు.

"నాకే నేర్పుతున్నావురా," అన్నారు ఈయన.

తెలియక కాదు. రేపు అన్న మాటంటేనే ఆయనకు భయం పట్టుకుంది. వాడు అటు వెళ్లగానే రెండు దూలాలూ కోసేశారు.

వంటింట్లో ఉన్న నాకు షెడ్డులోంచి ఏదో మూలిగినట్టు వినిపించింది. వెళ్లి చూస్తే బండి నడుం విరిగి మధ్యలోకి కుంగిపోయింది. ఆయన తలుపు మూస్తున్నారు. అది తగులుకుని వెనక్కి వస్తోంది. మళ్లీ మూస్తున్నారు.

మర్నాడు తమ్ముడు కడ్డీలతో వచ్చి, చూసి, వాటిని గోడకు ఆనించి కూలబడ్డాడు.

"ఇంక జాకీలు పెట్టి లేపినా సరికాదక్కా," అన్నాడు, ఆయన వైపు చూడకుండా.

నాకు ఆయన మీద ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

ఇప్పుడాయనకు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియవు. సాయంత్రాలు ఆ బండిలోనే కూర్చుంటారు. పక్కన నేను, నా వైపు తలుపు తెరుచుకోకుండా చేత్తో లాగి పట్టుకుని. నిన్న స్టీరింగు మీద చేతులుంచి అడిగారు.

"ఎక్కడిదాకా వచ్చాం?"

నా నోటికి అడ్డూ అదుపూ లేదంటారు అందరూ. ఆ నోటికే అప్పుడు ఒక్క అబద్ధం రాలేదు.

"ఎక్కడికీ రాలేదండీ. షెడ్డులోనే ఉన్నాం."

"తెలుసులే. ఆ తలుపు వదిలెయ్, చెయ్యి నొప్పెడుతుంది."

వదిలేశాను. అది వెళ్లి గోడకు కొట్టుకుని రేకులా మోగింది. ఇద్దరం విన్నాం.