తొలి మోకు

మా బావ నాగభూషణంగారికి ప్రభుత్వమంటే పడదు. తెల్లవాళ్లు ఉన్నప్పుడు వాళ్లంటే పడలేదు, వాళ్లు వెళ్లాక వచ్చినవాళ్లంటే అసలే పడలేదు. రైతుల పొలాలన్నీ కలిపేసి ఉమ్మడి సేద్యం చేయిస్తారన్న మాట ఢిల్లీలో పుట్టిన ఏడాది, ఆయన గుడివాడ వచ్చి నా ధాన్యం కమిషన్ కొట్టుకి తాళం వేయించి, నన్ను కారెక్కించి, మైకు నా ఒళ్లో పెట్టి దివిసీమంతా తిప్పారు. ప్రతి ఊళ్లోనూ ఒకటే ఉపన్యాసం. "తాతలనాటి నుంచీ ఎవడికి ఏ హక్కుందో అది వాడిది. దాన్ని తీసెయ్యడానికి నువ్వెవడివి, నేనెవణ్ణి?" అని మొదలుపెట్టేవారు. నాకది కంఠతా వచ్చేసింది. ఆయన గొంతు పట్టేసిన రోజున నేనే లేచి చెప్పేస్తే జనం అలాగే చప్పట్లు కొట్టారు.

అరవై రెండు ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. ఓడిన సాయంత్రమే గెలిచినాయన ఇంటికి వెళ్లి దండ వేసి, కాఫీ తాగి వచ్చారు. అదేమిటి బావా అంటే, "పొద్దున్న లేస్తే మొహాలు చూసుకోవలసినవాళ్లం బసవయ్యా" అన్నారు. ఆ తరం రాజకీయం అలా ఉండేది. మంచిదని అనను, మర్యాదగా మాత్రం ఉండేది.

ఆయన ఊరు రామన్నలంక. పులిగడ్డ దాటి అవనిగడ్డ దిగి, ఇంకా కిందికి వెళ్లాలి. అక్కడి వేణుగోపాలస్వామి గుడికి వంశపారంపర్యంగా ధర్మకర్త ఆయనే. వైశాఖ పున్నమికి రథోత్సవం. ఆ రథానికో ఆచారం ఉంది. రథం లాగే మోకు కొసని వీధి మలుపు తిప్పి, పాలెం దారి మొదటిదాకా తీసుకెళ్లి పరుస్తారు. పాలెమంటే ఊరి మాలపల్లె. ధర్మకర్త అక్కడికి నడిచివెళ్లి, మాలపల్లె పెద్దకి తాంబూలమూ కొత్త పంచా ఇస్తాడు. ఆ పెద్ద మోకు కొస మీద చెయ్యి వేస్తాడు. దాన్ని తొలి మోకు అంటారు. ఆ తరవాతే ఊరు మోకు పట్టాలి. గుడి పునాదికి మట్టి మోసింది వాళ్ల ముత్తాతలేనని కొందరంటారు. అసలు కారణం ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లో పాలెం పెద్ద దేవదానం. అతని తండ్రి హయాంలోనే పాలెం మొత్తం బందరు మిషన్ వాళ్లలో కలిసింది. అయినా తొలి మోకు ఆగలేదు. దేవదానం స్వామికి దండం పెట్టడు, ప్రసాదం తీసుకోడు. వస్తాడు, నిలబడతాడు, తాంబూలం అందుకుని మోకు తాకి వెళ్లిపోతాడు. పాదిరిగారు ఒకసారి గట్టిగా మందలిస్తే, "నేను ముట్టుకునేది దేవుణ్ణి కాదండి, ఊరి మోకునండి" అన్నాడట.

ఇదంతా చెప్తున్నానని మా బావని మహాత్ముడనుకునేరు. దేవదానాన్ని ఆయన ఏనాడూ అరుగెక్కనివ్వలేదు. బావి ఛాయలకు రానివ్వలేదు. వాడి హక్కు వాడిది, వాడి చోటు వాడిది అనేవారు. ఆ రెండూ ఆయన దృష్టిలో ఒకటే మాట. నాకది తిక్కగా ఉండేది, ఆ మాటే అన్నాను కూడా. "నీకు ధాన్యం సంగతి తెలుసు, అది చూసుకో" అన్నారు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు పిచ్చేశ్వరరావు బందరులో బీయే చదివి, తల పొట్టిగా కత్తిరించుకుని ఊరొచ్చాడు. వస్తూనే కుర్రాళ్లను పోగేసి ధర్మ యువజన దళం అని పెట్టాడు. తెల్లవారకముందే బడి ఆవరణలో కర్రలతో కసరత్తు, ఆ తరవాత గీత చదవడం. మా బావ పొంగిపోయారు. ఎదిగిన కుర్రాళ్లు గుడివాడ సినిమా హాళ్లలోనో ఎర్రజెండాల కిందో తేలుతున్న కాలంలో, తన కొడుకు గీత చదువుతున్నాడు మరి. గుడి సత్రంలో ఒక గది వాళ్లకిచ్చారు. వాళ్ల సభలకు ఆయనే అధ్యక్షత వహించేవారు. తండ్రీకొడుకుల మాట ఒకటేనని ఊరనుకుంది, ఆయనా అనుకున్నారు. నేను మాత్రం తేడా విన్నాను. తండ్రి, ప్రభుత్వం మా జోలికి రాకూడదనేవారు. కొడుకు, ప్రభుత్వమే మనమైతే అందరి జోలికీ మనమే వెళ్లొచ్చనేవాడు.

అరవై ఆరు వైశాఖంలో నేను రథోత్సవానికి వెళ్లేసరికి ఇల్లు సందడిగా ఉంది. ఎన్నికలు పై ఏడే. బందరు నుంచి పార్టీ పెద్దలు వచ్చి మళ్లీ నిలబడమని అడిగి వెళ్లారట. మా బావకి ఆ కోరిక ఎంతుందో నాకు తెలుసు. గుళ్ల మీద పెత్తనానికి కొత్త చట్టం తెస్తున్నారని ఆయన నిద్ర మానేశారు. అసెంబ్లీలో ఒక్కసారి లేచి నిలబడి మంత్రిని నాలుగు మాటలు అడిగితే చాలు, ఆ పైన చచ్చిపోయినా ఫర్వాలేదనేవారు. కాని తిరగడానికి, జెండా మోయడానికి ఆయన తోటివాళ్లకి ఓపిక అయిపోయింది. ఇక దళం కుర్రాళ్లే దిక్కు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిచ్చేశ్వరరావు తండ్రి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడికి వినయం ఎక్కువ.

"నాన్నగారూ, ఈ ఏడు తొలి మోకు దేవదానానికి వద్దండి. మతం మారినవాడికి స్వామి మోకెందుకు?"

"అది వాడి హక్కురా" అన్నారు మా బావ.

"తిరిగి రమ్మనండి. కాళ్లు కడిగి తీసుకుంటాం. మీరు అరుగెక్కనివ్వరు, మేం ఏకంగా గుళ్లోకే తీసుకెళ్తాం. మన పక్కనే కూర్చోబెట్టుకుంటాం. మనవాడు అవ్వాలి, అంతే."

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది.

"అవ్వనంటే?" అన్నాను నేను.

"అవ్వనంటే ఈ ఊళ్లో వాడికి పనేముంది మావయ్యా?" అన్నాడు. కోపంగా అనలేదు. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అన్నాడు. తరవాత తండ్రి వైపు తిరిగి, తాంబూలం ఇస్తే మాత్రం దళంలో ఒక్కడు కూడా ఎన్నికల్లో ఆయన వెంట తిరగడని చెప్పి, వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు మా బావ ఒక ఉపాయం కనిపెట్టారు. పళ్లెంలో ఆకులూ వక్కలూ కొత్త పంచా పెట్టుకుని, దాని మీద కండువా కప్పి, నన్ను తోడు రమ్మని, పాలెం బయల్దేరారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఊరికీ పాలేనికీ మధ్య ఉన్న కాలవగట్టు దాటడం అదే మొదలు. దేవదానం ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి గభాల్న లేచాడు. అతని భార్య సౌభాగ్యమ్మ ఒక ముక్కాలిపీట తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. మా బావ దాని వంక కాసేపు చూసి కూర్చున్నారు. ఎండన పడి వచ్చారేమో గొంతు ఎండిపోయి మాట పెగలడం లేదు. ఆవిడ మంచినీళ్ల కుండ వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఆవిడ ఇస్తాననలేదు, ఈయన అడగలేదు.

"ఈ ఏడు తాంబూలం ఇక్కడే పుచ్చుకో దేవదానం" అన్నారు చివరికి. "నీ మర్యాదకి లోటు లేదు. చూడు, నేనే వచ్చాను. మోకు సంగతి కుర్రాళ్లు చూసుకుంటారు."

దేవదానం పళ్లెం ముట్టుకోలేదు. "మీరు మా ఇంటికి రావడం గొప్పేనండి బాబుగారూ. కానీ ఇక్కడ ఎవరున్నారండి చూడ్డానికి? తాంబూలం ఊరు చూడాలి కదండి."

"ఈ ఒక్క ఏడూ సర్దుకో."

"ఒక్క ఏడు మానేస్తే పై ఏడు ఎవరు పిలుస్తారండి? మా ఏలీయా కూడా వద్దంటాడండి. బందరులో పంతులుగా చేస్తున్నాడు కదండి. ఎవరి రథమో ఎవరి మోకో, ఎండలో నిలబడి చేతులు చాపడమేంటి నాన్నా అంటాడు. మీ అబ్బాయిగారిదీ మావోడిదీ ఒకటే మాటండి." అని నవ్వాడు. మా బావ కూడా నవ్వబోయి మానేశారు.

"మరి ఏం చేస్తావు?"

"మా నాన్న వచ్చి నిలబడేవాడు. నేనూ వచ్చి నిలబడతానండి. పిలవడం, మానడం మీ ఇష్టం."

తిరిగి వస్తూ కాలవగట్టు మీద మా బావ, "వాడికి ఉపకారం చేద్దామనుకున్నాను బసవయ్యా" అన్నారు.

"వాడికా, మీకా?" అన్నాను. అన్నాక పాపం అనిపించింది.

పున్నమి రోజున పొద్దు వాలాక రథం సిద్ధమైంది. దళం కుర్రాళ్లు తెల్లచొక్కాలతో, కాషాయం తలగుడ్డలతో వరసలు కట్టారు. చూడముచ్చటగా ఉన్నారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. మా అక్క వెంకటరత్నమ్మ పళ్లెం తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "ఎవరికివ్వాలో మీకు తెలుసుగా?" అంది. ఆ తల్లికి కొడుకంటే పంచప్రాణాలు. అయినా ఆ మాటే అంది.

మా బావ పళ్లెం పట్టుకుని మలుపు వైపు నడిచారు. కుర్రాళ్ల వరస అడ్డంగా నిలబడింది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు, ఎవరూ తొలగలేదు. మోకు కొస కూడా మలుపుదాకా వెళ్లకుండా వీధిలోనే చుట్టి ఉంది. పిచ్చేశ్వరరావు దగ్గరకొచ్చి, "వద్దు నాన్నగారూ" అన్నాడు మెల్లిగా.

ఆయన వెనక్కి తిరిగి వచ్చారు. అయిపోయింది, ఒప్పుకున్నారని అనుకున్నాను. "బసవయ్యా, ఇంట్లోంచి కుర్చీ పట్రా" అన్నారు. తెచ్చాను. దాన్ని రథచక్రాల ముందు వేయించుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"తాంబూలం ఇచ్చేదాకా రథం కదలదు" అన్నారు.

మేళం ఆగిపోయింది. పూజారి రథం మీద నుంచి బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. మా బావ కూర్చునే ఉపన్యాసం మొదలుపెట్టారు. అదే ఉపన్యాసం. తాతలనాటి నుంచీ ఎవడికి ఏ హక్కుందో అది వాడిది. ఈసారి మైకు లేదు. ఉమ్మడి సేద్యం రోజుల్లో ఈ మాటకి చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టిన పెద్దలందరూ అక్కడే ఉన్నారు. ఒకాయన రథానికి కట్టిన అరటిబోదెల్ని చూస్తున్నాడు. ఇంకొకాయన కండువా సర్దుకుంటున్నాడు. ఒక్కడు ముందుకొస్తాడేమోనని నేను ఎదురుచూశాను. ఎవరూ రాలేదు.

అప్పుడు పిచ్చేశ్వరరావు వచ్చి తండ్రి కాళ్లకి దండం పెట్టాడు. నటన కాదు, కళ్లకద్దుకున్నాడు. లేచి నిలబడి సైగ చేశాడు. నలుగురు కుర్రాళ్లు వచ్చి నాలుగువైపులా పట్టుకుని, మనిషితో సహా కుర్చీని పైకెత్తారు.

"జాగ్రత్తరా, నాన్నగారికి నడుం నొప్పి" అన్నాడు వాడు.

నేను అడ్డం వెళ్లబోతే, "మీరు పక్కకి రండి బాబాయ్" అని ఎవరో నా జబ్బ పట్టుకుని నెమ్మదిగా తప్పించారు. మా బావ పెనుగులాడలేదు. ఒళ్లో పళ్లెం పడిపోకుండా రెండు చేతులా పట్టుకున్నారు. వెనకాల ఉన్న జనానికి సంగతి తెలియక, పెద్దాయన్ని ఊరేగిస్తున్నారనుకుని జేజేలు కొట్టారు. పై ఏడు ఎన్నికల్లో నిలబడేది తండ్రి కాదు, కొడుకని ఆ క్షణంలో ముందున్న మాకందరికీ తెలిసిపోయింది. ఆయన భుజం మీంచి జారిన కండువా తీసుకుని నేను వెనకాల నడిచాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా తోచలేదు.

జనం లేని చోటు కావాలి కదా, మలుపు తిప్పి పాలెం దారి మొదట్లో దింపారు. అక్కడ దేవదానం ఒక్కడే నిలబడి ఉన్నాడు, ఉతికిన పంచె కట్టుకుని. కుర్రాళ్లు మా బావకి నమస్కారం పెట్టి పరుగున వెళ్లిపోయారు. మేళం మళ్లీ మొదలైంది. గోవిందలు వినిపించాయి. రథం కదిలింది. చక్కగా కదిలింది. ఏ ఇరుసూ విరగలేదు, ఏ మోకూ తెగలేదు.

ఏమైనా ఆయన ధర్మకర్త, భక్తుడు. కదిలే రథం మీద స్వామిని చూడకుండా ఏనాడూ ఉండలేదు. కుర్చీలోంచి లేచి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. మలుపులో ఇళ్ల కప్పులు అడ్డం. వాటి మీదుగా రథం కొసన జెండా ఒక్కటే సాగిపోతోంది. ఇటు జరిగారు. మునివేళ్ల మీద లేచారు. అటు జరిగారు.

"స్వామి కనపడ్డం లేదేమిటి?" అన్నారు.

"ఇక్కణ్ణుంచి కనపడడండి" అన్నాడు దేవదానం.

"ఈ ఏడేనా?"

"ఎప్పుడూ అంతేనండి బాబుగారూ."

ఏటేటా ఆయన తాంబూలం ఇచ్చిన చోటే అది. ఇచ్చేటప్పుడు వీపు రథం వైపుండేది, ఇవ్వగానే వెనక్కి వెళ్లిపోయేవారు. మా బావ ఆ పళ్లెం పట్టుకుని, జెండా కూడా కనపడకుండా పోయేదాకా, దేవదానం పక్కనే నిలబడ్డారు.