‘ఎలుకలలో’ అన్న ఒక్క మాట

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఒట్టి మాట. మా మావయ్య పెరటి చెట్టునే నమ్ముకుని కూర్చున్నాడు. ఆ చెట్టు నేనే. నమ్మకపోయి ఉంటే ఎంత బాగుండేదో.

మావయ్యది కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే పని. తెల్లారేసరికి గోనెసంచుల మీదికెక్కి “ఒకటోసారి... రెండోసారి...” అని గొంతెత్తాడంటే అవతలి వీధిలో పళ్లు తోముకుంటున్నవాళ్లకు కూడా ఆ పూట వంకాయల ధర తెలిసిపోయేది. మైకు కొనిపెడతామన్నవాళ్లను తిట్టిపోశాడు. అందరూ ఆయన్ని ‘గంట’ అనేవారు. మా నాన్న పోయాక నన్ను పెంచి, చదివించింది ఆ గొంతే.

అలాంటి మనిషికి ఎడమ దవడలో గడ్డ లేచింది. క్యాన్సరని తేలింది. దవడ ఎముక సగం తీసెయ్యాలన్నాడు డాక్టరు. మావయ్య అడిగింది ప్రాణం గురించి కాదు.

“అరవగలనా?” అన్నాడు.

“మాట్లాడగలరు. అరవడం కష్టం. కానీ ఇప్పుడైతే గడ్డ మొత్తం వచ్చేస్తుంది, ఆలస్యం చెయ్యకండి” అన్నాడు డాక్టరు.

మావయ్య నాలుగు రోజులు తాత్సారం చేసి, చివరికి సరేనన్నాడు. సరిగ్గా అప్పుడే పేపర్లో పడింది మా సంస్థ ఘనత.

నేను పరిశోధన సంస్థలో దంత విభాగంలో పనిచేస్తాను. చిగుళ్ల జబ్బుతో అరిగిపోయిన దవడ ఎముకను మళ్లీ పెంచే జెల్ ఒకటి తయారుచేసి ఎలుకల మీద పరీక్షిస్తున్నాం. ఏటా మా నాలుగు విభాగాల గురించి, అంటే ఖగోళం, వైద్యం, దంతం, వ్యవసాయం గురించి, సంస్థ పేపర్లో ఒక పేజీ వేయిస్తుంది. ఆ పేజీ రాసేవాడికి మేం పెట్టుకున్న పేరు అలంకారం. మనిషి మంచివాడే, కానీ ఉన్నది ఉన్నట్టు రాస్తే చెయ్యి నొప్పెడుతుంది. నేను రాసిచ్చింది, “ఎలుకలలో దవడ ఎముక కొంతమేరకు తిరిగి పెరిగినట్టు కనబడింది” అని. పేపర్లో పడింది, “దవడ ఎముక తిరిగి పెరుగుతుంది! కోతలకు ఇక కాలం చెల్లు!” అని. పక్కన నా ఫొటో, అదీ పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సాయంత్రం మావయ్య ఇంటికి వెళ్లేసరికి ఆ పేజీ గోడకు అంటించి ఉంది. మావయ్య కళ్లు చెమర్చి ఉన్నాయి.

“ఇంత పని చేసి నాకొక్క ముక్క చెప్పలేదేం అమ్మడూ? ఆపరేషన్ వద్దని డాక్టరుకి చెప్పేశాను.”

“మావయ్యా, అది ఎలుకల్లో!”

“ఎలుకలెక్కడున్నాయి ఇందులో?” అంటూ గోడ మీది పేజీని వేలితో కొట్టి చూపించాడు. నిజమే, లేవు.

“ఆ మాట తీసేశారు! పైగా అది చిగుళ్ల జబ్బుకి. నీది క్యాన్సరు. ఎముకని పెంచే మందు గడ్డని కూడా పెంచినా పెంచుతుంది. తెలుసా?”

ఆయన మా అత్తయ్య వైపు తిరిగి మురిసిపోతూ అన్నాడు. “చిన్నప్పట్నుంచీ ఇంతే ఇది. ఫస్టు వచ్చినా, ఏదో పాసయ్యానులే అనేది.”

నేను అరిచాను, ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. ఎంత కాదంటే అంత అణకువ అనుకున్నాడు. తల ప్రాణం తోకకొచ్చి ఇంటికి పోయాను.

మర్నాడు అలంకారం గదిలోకి దూసుకెళ్లాను.

“ఎలుకల్ని ఎందుకు తీసేశారు?”

“పొద్దున్నే కాఫీ తాగుతూ చదివే పేజీ మేడమ్. ఎలుకలంటే రోత కదండీ. పైగా చోటు కూడా చాల్లేదు.”

“నా ఫొటోకి చాలిందా చోటు?”

అతను నొచ్చుకున్నాడు. బాగా పడిందని అందరూ మెచ్చుకుంటుంటే ఈవిడకేం తెగులు అన్నట్టు చూశాడు.

వరండాలో ఖగోళ విభాగం ఆయన కనిపించాడు. ఏదో గ్రహం మీద ఆవిరి ఉండవచ్చేమోనని ఆయన రాసిస్తే, అలంకారం అక్కడ సముద్రాలు పారించాడు. “నాకేం పోయిందండీ, అక్కణ్ణుంచి ఎవడూ వచ్చి నన్ను నిలదీయడు. మీ దవడలే పక్క వీధిలో ఉంటాయి” అన్నాడు. వ్యవసాయ విభాగం ఆవిడ కుండీల్లో పెంచిన నీరు లేకపోయినా ఎండని వరి, పేపర్లో ఎకరాలకెకరాలు పండింది. పాపం, విత్తనాల కోసం గేటు దగ్గర నిలబడ్డ రైతులకు ఆవిడ దణ్ణాలు పెడుతోంది. వైద్య విభాగం ఆయన మాత్రం ఆ పేజీకి ఫ్రేము కట్టించుకున్నాడు.

డైరెక్టరుగారి దగ్గరికెళ్లి సవరణ వెయ్యమని అడిగాను. “మీ మావయ్యగారికి మీరు నోటితో చెప్పుకుంటే సరిపోదా అమ్మా? దానికి సంస్థ పరువెందుకు?” అన్నారు. నోటితో చెప్పినది నమ్మడం లేదనే కదా వచ్చాను మొర్రో! కమిటీలో పెడతామన్నారు. కమిటీ కూర్చోవడానికి, మర్నాడే విదేశాలకు వెళ్లే డైరెక్టరుగారు తిరిగి రావాలట. ఆయన వెళ్లింది పరిశోధనల్లో నిజాయితీ మీద ఉపన్యాసం ఇవ్వడానికి.

ఈలోగా డాక్టరు తనే ఫోన్ చేసి, ఇంకా మించిపోలేదు రమ్మన్నాడు. మావయ్య కదల్లేదు. బుగ్గ ఉబ్బిపోయింది. అన్నం మెత్తగా పిసికి పెట్టాల్సొస్తోంది. అత్తయ్య నాతో ముభావంగా ఉండటం మొదలుపెట్టింది. ఒకరోజు గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి అనేసింది.

“ముందు పెద్దపెద్దవాళ్లకి ఇస్తున్నారేమోలే. ఊరికంతటికీ పేపర్లో వేస్తారు, ఇంట్లోవాళ్లకేమో ఎలుకలంటారు.”

“నోర్ముయ్యవే” అన్నాడు మావయ్య. కానీ నా వైపు చూడలేదు. ఆయన కూడా అదే అనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. లేని మందును దాచుకున్న దొంగనయ్యాను.

ఎట్టకేలకు సవరణ పడింది. వధూవరుల ప్రకటనల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. “దంత విభాగం వార్తలో ‘ఎలుకలలో’ అని చేర్చి చదువుకోగలరు.” చదువుకోగలరట! పేపరు పట్టుకుని పరిగెత్తాను.

మావయ్య కళ్లజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివాడు. పేపర్లో పడింది కాబట్టి నమ్మాడు. కళ్లజోడు తీసి అడిగాడు.

“ఆ ఎలుకలకి నయమైందా?”

“అయింది.”

“అయితే నన్నూ ఎలుకనే అనుకో అమ్మడూ. ఎక్కడున్నాయవి ఇప్పుడు?”

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. “చంపేశాం మావయ్యా. దవడ కోసి చూస్తేగానీ ఎముక పెరిగిందో లేదో తెలీదు.”

ఆయన బుగ్గ అదిమిపట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, అయినా నవ్వాడు. “ఎలుకకైనా కోత తప్పలేదన్నమాట. ఆ ముక్క వెయ్యకపోయాడా మీవాడు, పేపర్లో! సరే, పద ఆస్పత్రికి.”

డాక్టరు కొత్త స్కాన్ ఫిల్మును లైటుకు ఎదురుగా పెట్టి చూసి, తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. మెడలోకి దిగిపోయిందన్నాడు. ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయన్నాడు. ఇప్పుడు కోసి లాభం లేదు, నొప్పి తెలియకుండా మందులిస్తానన్నాడు.

మావయ్య బోర్లా ఉన్న ఆ ఫిల్మునే చూస్తూ కూర్చున్నాడు. నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది.

“మొదట్లో చెప్పారు, అది ఒకటోసారి. ఫోన్ చేసి మరీ పిలిచారు, అది రెండోసారి.” నా వైపు తిరిగాడు. “మూడోసారి ఇదేనా, అమ్మడూ?”

డాక్టరు అర్థం కాక ఇద్దరి మొహాలూ చూశాడు.

“ఇదే మావయ్యా” అన్నాను.

ఈసారి నా మాట నమ్మాడు.