కచ్చా కుట్టు

"గుండీల డబ్బా ఎక్కడ పెట్టావ్?"

ఆమె కళ్లు తెరిచాక భర్త అడిగిన మొదటి మాట అదే. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, చేతికి నెత్తురు ఎక్కుతోంది. "మిషను కింద, ఎడమ పక్క" అని చెప్పింది. చెప్పాకే తను బతికి ఉన్నానని తెలిసింది. సంతోషం కలగలేదు, ఏడుపూ రాలేదు. ఎవరో కుట్టమని ఇచ్చి మళ్లీ రాకుండా పోయిన బట్టలా ఉంది ఒళ్లు.

ఆయన్ని వీధంతా మాస్టరు అంటారు. కొలతలు తీసేదీ, కత్తిరించేదీ ఆయన. ఆ తర్వాతవన్నీ ఆమెవి: కుట్టు, కాజాలు, గుండీలు, ఇస్త్రీ, మధ్యలో వంట, అత్తగారి మాత్రలు. "మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ" అనేవాడు గిరాకీలతో. ఆ ఖాళీలోనే కుడి డొక్కలో నొప్పి మొదలైంది. "గ్యాసు. వేళకి తినవు" అన్నాడాయన. వేళకి తిననిచ్చేదెవరని అడగలేదు. "కూర్చుని చేసే పనికి కూడా నొప్పులేనా తల్లీ!" అంది అత్తగారు. ఆమె నోరు కుట్టేసుకుంది. ఇంట్లో కుట్టుపనంతా ఆమెదే కదా.

ఆ రోజు బడిపిల్లల యూనిఫారాల మీద వంగి కాజా కుడుతుంటే లోపల ఏదో పుటుక్కుమంది. కడుపు రాయిలా బిగిసింది. చెమటలు పట్టి, కళ్లకి చీకట్లు కమ్మి, తెల్లచొక్కాల కుప్ప మీదే ఒరిగిపోయింది. "లేవవే, మాసిపోతాయి!" అన్న అత్తగారి గొంతు చెవిన పడింది. ఆ మాటకి లేవబోయింది కూడా.

లివర్లో క్యాన్సరు గడ్డ. అది పగిలి కడుపు నిండా నెత్తురు. గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకి నెత్తురు పోయే దారి మూసేశారు. "తాగని ఆడదానికి లివరు జబ్బేమిటి, విడ్డూరం!" అంది అత్తగారు మంచం పక్కనే నిలబడి. తాగే మాస్టరు కిటికీలోంచి బయటకి చూశాడు.

"నెత్తురు ఆగింది. గండం గడిచింది" అన్నాడాయన అత్తగారు ఇంటికెళ్లాక. "రేపో ఎల్లుండో ఇంటికెళ్లిపోదాం. ఆర్డరు అలాగే పడుంది." అని టీ తాగడానికి కిందికి దిగాడు.

డాక్టరమ్మ వచ్చి పొట్ట నొక్కి చూస్తోంది.

"ఇక తగ్గిపోయినట్టేనా అమ్మా?"

నొక్కే చెయ్యి ఆగింది. "మీవారు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "వినే ఓపికుందా ఇప్పుడు?"

"వినడమేగా. అలవాటే."

"మేం ఆపింది నెత్తుర్ని. గడ్డ అక్కడే ఉంది. మీరు కాస్త తేరుకున్నాక, కొన్ని వారాల్లో, మళ్లీ స్కాన్ తీస్తాం. మిగతా లివరు తట్టుకుంటుందనుకుంటే ఆ భాగం కోసి తీసేయాలి. తీసినా మళ్లీ రావచ్చు. పగిలినప్పుడు కడుపులో చిందిన చోటా మొలవచ్చు. అది మీ దగ్గర దాచను. కానీ తీయించుకుని ఏళ్లు బతికినవాళ్లున్నారు. వదిలేస్తే చాలామందికి నెలలే. అప్పటిదాకా వంగి పనిచెయ్యకూడదు, బరువులెత్తకూడదు. నిన్ననే మీవారికి చెప్పాను. ఇంట్లో అనుకుని చెబుతామన్నారు."

ఆమె దుప్పటి అంచు తడిమి చూసింది. అంచు కుట్టు వంకరగా ఉంది. ఎవరి చెయ్యో, తొందరలో ఉన్నట్టుంది.

"అంటే ఇప్పుడేసింది కచ్చా కుట్టన్నమాట."

డాక్టరమ్మకి అర్థం కాలేదు.

"మిషను కుట్టుకి ముందు బట్ట జారకుండా వేసే పొడుగు టాకాలమ్మా. అప్పటికి నిలుస్తుంది. తొడుక్కుని తిరిగితే నిలవదు."

"అంతేనమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా.

ఒకసారి మాస్టరు తొందరలో కచ్చా కుట్టు మీదున్న చొక్కాని గిరాకీకి ఇచ్చేశాడు. అది నలుగురిలో భుజం దగ్గర విడిపోయింది. ఆ మనిషి షాపు మీదికొస్తే మాస్టరు ఆమెని ముందుకి పిలిచి, "కచ్చా కుట్టుతో బట్టని గడప దాటిస్తావా, బుద్ధుందా?" అని అరిచాడు. దాటించింది ఆయనే. తల వంచుకుని విప్పి, మళ్లీ కుట్టింది ఆమె.

"ఇంట్లో అనుకోవడం అయిపోయిందమ్మా" అంది. "ఆపరేషను చేయించుకుంటాను. ఇక ఏది చెప్పినా నాకే చెప్పండి. మా అక్కకి ఒక్క ఫోను చెయ్యాలి."

మాస్టరు పైకొచ్చేసరికి నర్సు ద్వారా సంగతి తెలిసిపోయింది. "ఎవర్నడిగి ఒప్పుకున్నావ్? నెత్తి మీద ఆర్డరు పెట్టుకుని!"

"కచ్చా కుట్టుతో గడప దాటించకూడదని మీరేగా అన్నారు." ఆ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "తేరుకునేదాకా అక్క దగ్గరే ఉంటాను. ఇటునుంచి అటే."

ఆయన నోరు తెరిచాడు. ఇంతలో ఫోన్ మోగింది, ఇంటినుంచి అత్తగారు. విని, ఫోన్ చేత్తో మూసి, అలవాటుగా ఇటు తిరిగాడు.

"కాజాల దారం ఎక్కడుంది?"

బీరువా పై అరలో, పాత సంచిలో. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది.

"వెతుక్కోండి" అంది, కళ్లు మూసుకుంటూ.