ఉత్తరపు బీడులో క్రో మిడత

గులకరాళ్ళు పరుచుకున్న క్రో మైదానంలో పుట్టే ఆ మిడత లోకంలో మరెక్కడా పుట్టదు. ఆ మైదానంలోనైనా దానికి మిగిలినవి మూడు చోట్లే. నాలుగోదైన ఉత్తరపు బీడులో అది కనబడి చాలా ఏళ్ళయింది. ఈ వేసవిలోనూ కనబడకపోతే ఆ బీడును పీచ్ తోటలకు ఇచ్చేస్తామని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు.

మిడతల సంరక్షణ కేంద్రంలో పనిచేసే మగలోన్ అనే అమ్మాయికి ఆ మాట మింగుడు పడలేదు. ఆ మిడత ఎగరదు. గులకరాయి రంగులో ఉంటుంది. అలికిడైతే రాయిలాగే బిగుసుకుపోతుంది. అలాంటిదాన్ని కంటికి ఆనలేదని లేనే లేదనడమేమిటి? కేంద్రంలో పెంచుతున్న మిడతల వాసన చూపించి, తన కుక్క పిస్తూకు చలికాలమంతా తర్ఫీదిచ్చింది. ఆ వాసన తగిలితే మొరగకుండా అక్కడే పడుకోవాలి.

"అది మిడతను చూపిస్తుందా, మింగేస్తుందా?" అన్నాడు పైఅధికారి గాస్పార్. ఆ బీడంతా ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద పాకి వెతికి, ఆశ వదులుకున్నవాడాయన.

"మింగినా మిడత ఉన్నట్టే కదండీ!" అంది మగలోన్.

మే నెలాఖరున ఇద్దరూ కుక్కతో బీడుకు వెళ్ళారు. అక్కడ మంద మేపుకునే ముసలి ఒనొరా కూడా వెంట వచ్చాడు. మిస్ట్రాల్ అనే ఉత్తరపు ఈదురుగాలి ఈడ్చి కొడుతోంది. పిస్తూ అటూ ఇటూ పరిగెత్తి, నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"ఈ గాలికి నా గొర్రెల కంపే నాకు తెలీడం లేదమ్మాయ్," అన్నాడు ఒనొరా.

"ఇక పోదాం పద," అన్నాడు గాస్పార్.

"మీరు వెళ్ళండి. గాలి తగ్గేదాకా నేను కదలను."

ఆమె మొండితనం చూసి ఆయనా ఆగిపోయాడు. మర్నాడు పొద్దున్నే గాలి తగ్గింది. పిస్తూ నాలుగడుగులు వేసి, రాళ్ళ మధ్య చటుక్కున పడుకుంది. గాస్పార్ వంగి చూశాడు. అన్నీ రాళ్ళే.

"అలసిపోయింది, పాపం."

మగలోన్ బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి, రాయి రాయినీ చూసుకుంటూ పోయింది. ఒక రాయికి మీసాలు కదిలాయి.

"సార్, చూడండి! ఆడది! కడుపుతో ఉంది!"

గాస్పార్ టోపీ తీసేసి ఆమె పక్కనే బోర్లా పడ్డాడు. "అదే... అదే," అన్నాడు.

పిస్తూ తనంతట తానే లేచి, కాస్త ముందుకెళ్ళి మళ్ళీ పడుకుంది. అక్కడ మగ మిడత. ఇంకాస్త దూరాన ఒక జంట. మధ్యాహ్నానికి గాస్పార్ "ఇక్కడా ఉంది! ఇక్కడా ఉంది!" అని అరుస్తూ కుక్క వెనక ఆయాసపడుతున్నాడు.

తోటల మాట ఆ వారంలోనే రద్దయింది. ఆ కబురొచ్చిన రోజు ఒనొరా గొర్రెపాల జున్ను కోసి, మొదటి ముక్క పిస్తూకే పెట్టాడు.

"నాకో?" అన్నాడు గాస్పార్.

"నువ్వేం వెతికావని?"

గాస్పార్ పడీ పడీ నవ్వి, మగలోన్ వైపు తిరిగాడు. "దక్షిణాన, కాలవ అవతల ఒక బీడుంది. అక్కడ లేదని ఎప్పుడో రాసేశాం. రేపు పిస్తూకు తీరికేనా?"