సీటు కింద స్విచ్చు

ఆ పేటలో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు. సూదక్క ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు, చూపించి పారిపోతారు. ఇళ్లకు వెళ్లి రక్తం తీసి, ఆ నమూనాలను ల్యాబుకు చేర్చడం ఆమె పని. పరగడుపున ఇవ్వాల్సిన రక్తం కాబట్టి తెల్లవారుతూనే బయలుదేరాలి. ఆకలికి ఆగలేనివాళ్లు ఆరున్నరకే ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

నాలుగేళ్లపాటు ఆ పని బస్సుల్లో నిలబడి చేసింది. ఐస్ పెట్టెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని, పక్కవాళ్ల మోచేతులు తగలకుండా కాచుకుంటూ తిరిగింది. చివరికి ఒక మోటారు సైకిల్ కొనుక్కుంది. ఆడపిల్లవు, స్కూటర్ కొనుక్కోవచ్చుగా అన్నవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పేది.

"చిన్న చక్రాల బండి గుంతలో పడిందంటే నా సీసాలన్నీ కుదుపుకి పాడైపోతాయి. మళ్లీ గుచ్చాలి. మీరు చాపుతారా చెయ్యి?"

ఆ మాటకి అందరూ చేతులు వెనక్కి లాక్కునేవారు.

ఆమె భర్త ఒక ప్రెస్సులో అచ్చు యంత్రం నడుపుతాడు. మంచివాడు, నెమ్మదస్తుడు, కాకపోతే భయం పాలు కాస్త ఎక్కువ. రెండేళ్ల కిందట ఆయన స్కూటర్ పట్టపగలు ప్రెస్సు గేటు ముందే మాయమైంది. ఆనాటి నుంచి దొంగలంటే ఆయనకు నిద్రలో కూడా మెలకువే. పైగా ఈ మధ్య ఒక్క నెలలో పేటలో మూడు బండ్లు పోయాయి. ఇక ఆయన్ని ఆపేవాళ్లు లేకపోయారు.

మొదట లావుపాటి గొలుసు తెచ్చాడు. దాన్ని ఎత్తితే భుజం పట్టేసేది. తర్వాత ముందు చక్రానికి బిగించే చిన్న తాళం తెచ్చాడు. రెండో రోజే ఆ తాళం సంగతి మరిచిపోయి సూదక్క బండి స్టార్ట్ చేసింది. బండి కదిలినట్టే కదిలి పక్కకు ఒరిగిపోయింది. మందుల షాపు ముందు, పదిమంది చూస్తుండగా, ఆమె బండితో సహా నేల కరిచింది. ఆ రోజు నుంచి ఆ తాళం బ్యాగు అడుగునే పడి ఉంది. ఆ ముక్క మాత్రం ఆయనకు చెప్పలేదు.

ఆయన అంతటితో ఊరుకుంటేగా. ఒక ఆదివారం బండిని మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకుపోయాడు. పేట వెనక వాలు రోడ్డు కిందికి దిగి మెయిన్ రోడ్డును కలిసేచోట ఆ షెడ్డు ఉంది. బాబాయ్‌కి అరవై దాటాయి. బండి శబ్దం విని జబ్బు చెప్పే మనిషి. అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు భర్త మొహం వెలిగిపోతోంది.

"సీటు కింద ఎడమవైపు చెయ్యి పెట్టి చూడు. చిన్న స్విచ్చు తగులుతుందా? అది కిందికి నొక్కితే ఎవడు ఎన్ని తన్నులు తన్నినా ఇంజన్ అంటుకోదు. తాళం ఉన్నా అంటుకోదు."

"నాక్కూడా అంటుకోదు, నేను మరిచిపోతే," అంది ఆమె.

"మరిచిపోవద్దు మరి."

"బండికి కాపలా కాయడానికే నేను పుట్టినట్టుందండీ నాకు."

ఆయన నవ్వలేదు. "స్కూటర్ పోయినరోజు ఇంటికి నడిచొచ్చింది నేను. నీకు తెలీదు," అన్నాడు.  అప్పటి నుంచి, గొలుసు కట్టినా కట్టకపోయినా, దిగేటప్పుడు వేలు దానంతటదే సీటు కిందికి పోయేది.

అది జరిగిన నెల్లాళ్లకు ఒక బుధవారం.

ఆ పొద్దున మొదటి ఇల్లే కష్టమైంది. పుట్టి ఐదు రోజులైన బాబు. ఒళ్లు పసుపుపచ్చగా తిరిగింది. కామెర్లు ఎంతున్నాయో చూసి, మధ్యాహ్నంలోగా ఆసుపత్రిలో చేర్చాలా వద్దా చెబుతానన్నాడు డాక్టరు. ఆమె బాబు మడమ తుడిచి, గుచ్చి, బొట్టు బొట్టుగా సన్నని సీసాలోకి రక్తం పట్టింది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. వాడికన్నా ఎక్కువ వాళ్లమ్మ ఏడ్చింది.

"మళ్లీ గుచ్చాలంటే మాత్రం నా వల్ల కాదక్కా. ఇదే ఆఖరు."

"ఇంక గుచ్చనమ్మా. నీ మీదొట్టు. ఇది జాగ్రత్తగా పట్టుకెళ్తాగా," అంది సూదక్క. వెలుతురు తగిలితే లెక్క తప్పుతుందని ఆ సీసాకు వెండి కాగితం చుట్టి, పెట్టెలో ఐసు పక్కన నిలబెట్టింది. రెండు గంటల్లో, అంటే తొమ్మిదింపావుకల్లా ల్యాబుకు చేరాలి.

దారిలో ఇంకో నాలుగిళ్లు చూసుకుని వాలు రోడ్డు మీద ఉన్న తాతగారి ఇంటికి చేరేసరికి ఎనిమిది. ఆయనది నాలుగో అంతస్తు. ఆయన నరాలు దొరకవు, దొరికినా జారిపోతాయి. కింద లిఫ్టు తలుపుకి 'పనిచేయదు' అన్న కాగితం అంటించి ఉంది. సూదక్క పెట్టెను చూసింది, మెట్లను చూసింది. ఏ రోజూ పెట్టెను బండి మీద వదిలింది లేదు. కానీ మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, పని పదినిమిషాలది, పెట్టెకు తాళం ఉంది. చిన్న సంచీ ఒక్కటే భుజాన వేసుకుని ఎక్కేసింది. గొలుసు కూడా కట్టలేదు. వేలు మాత్రం అలవాటు ప్రకారం సీటు కిందికి పోయి వచ్చింది.

తాతగారు ఎడమచెయ్యి ఇచ్చి మొహం గోడకు తిప్పుకున్నారు. "మూడుసార్లు గుచ్చావంటే నాలుగోసారి నేనే నిన్ను గుచ్చుతా," అన్నారు. ఒక్కసారికే రక్తం వచ్చింది. ఆయన ఆశ్చర్యపోయి మంచినీళ్లు తాగి పొమ్మన్నారు, కూర్చోపెట్టి కోడలి మీద నాలుగు మాటలు చెప్పారు, ఆ కోడలు వంటింట్లోంచి తన నాలుగు మాటలు తనూ చెప్పింది. పదినిమిషాలు పాతికయ్యాయి.

కిందికి దిగి చూస్తే బండి లేదు.

ముందు తప్పు గుమ్మంలోకి దిగానేమో అనుకుంది. వెనక్కి తిరిగి లిఫ్టు మీది కాగితం చూసింది. అదే గుమ్మం. బండి నిలబెట్టిన చోట స్టాండు గుచ్చుకున్న గుంట ఒక్కటే ఉంది.   బండి గుర్తు రాలేదు. వెండి కాగితం చుట్టిన సీసా గుర్తొచ్చింది. ఇంక గుచ్చనమ్మా, నీ మీదొట్టు.

ఎదురు వరండాలో బట్టలు ఆరేస్తున్నావిడను అడిగింది. "ఇక్కడ నా బండి... ఎవరైనా..."

"ఇందాక ఒకాయన తోసుకుంటూ పోయాడే. ఇస్త్రీ చొక్కా వేసుకుని శుభ్రంగా ఉన్నాడు. స్టార్టవ్వట్లేదేమో, నాలుగైదుసార్లు తన్ని తన్ని వాలులోకి దింపుకున్నాడు. మీవారేమో అనుకున్నా."

"మావారు కాదండీ!" అని ఏడుపు గొంతుతో అరిచి, సూదక్క వాలు రోడ్డు పట్టుకుని పరుగు లంకించుకుంది. సంచీ వీపు మీద ఎగిరెగిరి పడుతోంది. సగం దూరం పోయాక ఫోను మోగింది. భర్త.

"నువ్వెక్కడున్నావు?"

"ఏమండీ, బండి..."

"తెలుసు. బాబాయ్ షెడ్డులో ఉంది. ఆ దొంగ కూడా అక్కడే ఉన్నాడు. నువ్వు తొందరపడి లోపలికి పోకు. పోలీసులకి చెప్పా, నేనూ బయలుదేరా..."

ఆమెకు సగమే అర్థమైంది. అర్థమైన సగం చాలు, కాళ్లకు బలం వచ్చింది.

అసలు జరిగింది బాబాయ్ తర్వాత పదిమందికి పదిసార్లు చెప్పాడు. షెడ్డు తెరిచి చీపురు పట్టుకున్నాడో లేదో, చెమటలు కారుతూ ఒక మనిషి బండిని దొర్లించుకుంటూ వచ్చాడట. ముందున్న మెయిన్ రోడ్డు కూడలిలో ట్రాఫిక్ పోలీసులుంటారు. స్టార్టవ్వని బండిని అక్కడ తోసుకుపోయే ధైర్యం వాడికి లేకపోయింది. "తాళంచెవి పారేసుకున్నా. వైర్లు కలిపినా అంటుకోవడం లేదు. కాస్త త్వరగా చూడు, ఆఫీసు టైమవుతోంది," అన్నాడట, పెద్ద ఆఫీసరులా. బాబాయ్ సీటు ఎత్తి చూశాడు. ఎడమవైపు స్విచ్చు, దానికి ఎర్ర వైరు, ఆ వైరుకి తను వేసిన ముడి. పక్కన ల్యాబు పేరు రాసిన పెట్టె. తన చేతిపని తనకు తెలీదా?

ఆయన మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "ఇంజన్‌లో పెద్ద గొడవే ఉన్నట్టుందయ్యా, విప్పాలి," అన్నాడు. స్పార్క్ ప్లగ్గు ఊడదీశాడు. అక్కర్లేకపోయినా పక్క రేకులు కూడా ఊడదీశాడు. వాటిని గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. వాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "కిరసనాయిలు తెస్తా," అని వెనక్కి వెళ్లి ప్రెస్సుకు ఫోన్ చేశాడు.

సూదక్క షెడ్డు దగ్గరికి వచ్చేసరికి వాడు టీ ఊదుకుంటున్నాడు. లోపలికి పోవద్దని భర్త అన్న మాట ఆమెకు గుర్తే ఉంది. కానీ గుమ్మంలోంచి తన పెట్టె కనపడింది. అంతే, లోపలికి వెళ్లిపోయింది. వాడు ఆమె చొక్కా మీద ల్యాబు గుర్తు చూశాడు, పెట్టె మీద గుర్తు చూశాడు. గ్లాసు స్టూలు మీద పెట్టి, పని గుర్తొచ్చినవాడిలా లేచి, రెండడుగులు మామూలుగా వేసి, మూడో అడుగు నుంచి పరుగందుకున్నాడు. బాబాయ్ కదల్లేదు.

"పట్టుకోలేదేం బాబాయ్?"

"అరవై దాటాయమ్మా నాకు. వాడు ఒక్కటిస్తే గోడకి అతుక్కుపోతా. నోటితో ఆపగలిగినంతసేపు ఆపా."

వాడు ఎంతో దూరం పోలేదు. కూడలి దగ్గర పోలీసులు అప్పటికే ఇస్త్రీ చొక్కా కోసం కాపు కాసి ఉన్నారు. పేటలో పోయిన మూడు బండ్లలో రెండు మర్నాడే దొరికాయి. భర్త స్కూటర్ మాత్రం దొరకలేదు. దాన్ని తీసుకుపోయినవాడు వేరే ఎవడో.

సూదక్కకు అవేవీ పట్టలేదు. పెట్టె తాళం తీసింది.  ఐసు అంచులు కరిగినా గడ్డలుగానే ఉంది. సీసాలు ఐదూ నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉన్నాయి. వాలులో మెల్లగా దొర్లించుకు రావడం వల్ల పెద్ద కుదుపులు కూడా తగిలినట్టు లేదు. వెండి కాగితం చుట్టిన సీసాను వేలితో తాకి చూసి, ఊపిరి వదిలింది. 

"టైమెంతయింది బాబాయ్?"

"తొమ్మిదికి పావు తక్కువ."

"తొమ్మిదింపావుకల్లా ల్యాబులో ఉండాలి. ఇవన్నీ ఎందుకు విప్పావయ్యా?"

"ఆ మాట వాణ్నడుగు," అంటూనే బాబాయ్ చకచకా బిగించేశాడు. వాడు పీకిన వైర్లకు తాత్కాలికంగా టేపు చుట్టాడు. సూదక్క ఎక్కి తన్నింది. అంటుకోలేదు. మళ్లీ తన్నింది. లేదు. మూడోసారికి ఏడుపొచ్చింది.

"ఏమైంది దీనికి!"

బాబాయ్ గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "స్విచ్చమ్మా, స్విచ్చు!"

ఆమె సీటు కిందికి చెయ్యి పోనిచ్చి పైకి నొక్కింది. ఒక్క తన్నుకే బండి గుర్రుమంది.

ల్యాబులో నమూనాలు తీసుకునే మేడమ్ గడియారం చూసింది. పది నిమిషాలు మిగిలి ఉన్నాయి. సూదక్క ఏమీ దాచలేదు. పెట్టెను కింద వదిలి పైకి వెళ్లాననే చెప్పింది. మేడమ్ కళ్లద్దాల పైనుంచి చూసి, ఒక్కో సీసా వెలుతురుకి ఎత్తి పట్టి, రంగు చూసి, బాబు సీసాను కాగితం విప్పకుండానే లోపలికి పంపింది. "అన్నీ బాగానే ఉన్నాయి. ఇంకోసారి ఇలా చేశావంటే మాత్రం నా నోటికి పనిచెప్పాల్సొస్తుంది," అంది.

"ఇంకోసారి చెయ్యను మేడమ్. ఇల్లు ఆకాశంలో ఉన్నా పెట్టెను మోసుకెళ్తా."

ఫలితం వచ్చేదాకా ఆమె వరండా బల్ల మీదే కూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోదు. పదకొండుకి మేడమ్ తలుపు తీసి, "నీ బాబుకి కంగారేం లేదు. కామెర్లు మరీ ఎక్కువ లేవు. డాక్టరు ఇంట్లోనే ఉంచుకోమన్నాడు," అని చెప్పింది. సూదక్క తనే ఫోన్ చేసింది.  అవతల ఆ తల్లి ఎవరినో పిలుస్తూ, "అక్కర్లేదంట! ఆసుపత్రి అక్కర్లేదంట!" అని కేకలు పెట్టడం వినిపించింది. ఫోను పెట్టేయడం కూడా మరిచిపోయింది.

అదే సమయానికి గేటులోంచి భర్త వచ్చాడు. పోలీసులకు చెప్పాల్సినవన్నీ చెప్పి, అక్కడి నుంచి నడిచే వచ్చినట్టున్నాడు. ప్రెస్సు కోటు కూడా విప్పలేదు, మోచేతుల దాకా నల్లసిరా. బండి ఎదురుగానే ఉంది. దాన్ని చూడనే లేదు.

"నీకేం కాలేదుగా? వాడు నిన్నేం చెయ్యలేదుగా? లోపలికి పోవద్దన్నానా లేదా?"

ఆమె తల అడ్డంగా ఊపి, ఆయన చెయ్యి పట్టుకుంది. సిరా ఆమె చేతికీ అంటింది. పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు వస్తుందనుకుంటే నవ్వు వచ్చింది. ఆయనకు ఎందుకో అర్థం కాకపోయినా, కాస్సేపటికి తనూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైనా తిన్నావా?" అని అడిగాడు.

"లేదండీ. పొద్దుటి నుంచీ నేనూ పరగడుపే."

"పద, ముందు ఏదైనా తిందాం," అని ఆయన వెనక సీటు ఎక్కి కూర్చున్నాడు.