కాషాయం తలవైపు

మా మేడ మీద జెండా లేని జెండా కర్ర ఒకటుంది. కర్ర అంటే కర్ర కాదు, ఇనప పైపు. దానికి వేలాడే తాడు చివరి కొక్కెం సాయంత్రమయ్యేసరికి పైపుకు కొట్టుకుని టంగ్ టంగ్‌మంటుంది. సరిగ్గా మా మామగారు వెంకటప్పయ్య గారు జెండా దించే వేళకు. ఆ వేళకు బుడమేరు వైపు నుంచి గాలి లేస్తుంది, అంతే. అంతే అని ఏడాదిగా నాకు నేను చెప్పుకుంటున్నాను. మా అత్తగారు రావమ్మ గారు మాత్రం ఆ చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి మెట్ల వైపు చూస్తుంది.

మామయ్య గారు ఆటోనగర్‌లో లారీలకు టార్పాలిన్లు కుట్టేవారు. జెండా విషయంలో వీధంతటికీ తలనొప్పి. కాషాయం కిందికి వచ్చేలా ఎవరైనా కట్టారా, వాళ్ళ గేటు ముందు నిలబడి తిప్పి కట్టించేదాకా కదిలేవారు కాదు. ఆగస్టు పదహారు పొద్దున సంచీ పట్టుకుని బయల్దేరి, కాలవల్లో చెత్తకుప్పల్లో పడ్డ జెండాలన్నీ ఏరుకొచ్చేవారు. మేడ మీద ఇనప గమేళాలో వాటిని కాల్చి, మంట ఆరేదాకా చేతులు కిందికి చాపి నిటారుగా నిలబడేవారు. "పాడైన జెండాని పారెయ్యకూడదమ్మా భానూ, గౌరవంగా సాగనంపాలి" అనేవారు. నేను లోపలికొచ్చి నవ్వుకునేదాన్ని.

నిరుడు బుడమేరు పొంగినప్పుడు మేమంతా మేడెక్కేశాం. జెండా కింద బీరువాలో ఉండిపోయిందని మామయ్య గారు నడుం లోతు నీళ్ళలోకి మళ్ళీ దిగారు. దాన్ని కవరులో చుట్టి, తడవకుండా రెండు చేతులతో నెత్తి మీద పట్టుకుని మెట్లెక్కుతూ బురదకు జారారు. కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నుదురు పగిలింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

పడవ వచ్చేదాకా ఆయన మేడ మీదే ఉన్నారు, వానలో. ఊళ్ళో సగం లారీలకు కప్పులు కుట్టిన మనిషి మీద కప్పడానికి మా దగ్గరున్న పొడిగుడ్డ ఆ జెండా ఒక్కటే. మనబోటి వాళ్ళకు కప్పేది కాదని తెలుసు. అయినా నేనూ అత్తయ్యా చెరో అంచూ పట్టుకుని కప్పాం. మొహం నుంచి మోకాళ్ళ దాకా వచ్చింది. పాదాలు తడుస్తూనే ఉన్నాయి.

జెండాని చితిలో వెయ్యకూడదని శ్మశానంలో ఒక పెద్దాయన అన్నాడు. శవం మీది గుడ్డ తిరిగి ఇంట్లోకి తీసుకెళ్ళకూడదని కాటికాపరి అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. మా ఆయన సాయిగణేష్ దాన్ని కవరులో మూటగట్టి తెచ్చి, మేడ మీద నీళ్ళ ట్యాంకు కింద పెట్టాడు. అటు నిప్పుకీ కాకుండా ఇటు ఇంటికీ కాకుండా అది అక్కడే ఉండిపోయింది.

అప్పట్నుంచీ అత్తయ్యది ఒకటే బెంగ. టీవీలో సైనికుడి శవపేటిక కనపడితే చాలు, కాషాయం తలవైపే ఉండాలని మామయ్య గారు వేలు పెట్టి చూపించేవారట.

"తలకిందులుగా కప్పామేమోనే. అందుకే తాడు కొట్టి పిలుస్తున్నారు."

"సరిగ్గానే కప్పాం అత్తయ్యా" అనేదాన్ని. ఆ వానలో, ఆ ఏడుపులో నేను రంగులు చూశానా? కవరు విప్పితే తెలిసిపోతుంది, నుదుటి రక్తం ఏ అంచుకు అంటిందో. విప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఈ ఆగస్టు పదిహేనుకు సాయిగణేష్ కొత్త జెండా కొనుక్కొచ్చాడు.

"ఏడాది తిరక్కుండా పండగేంట్రా?" అంది అత్తయ్య.

"ఇది ఆ పండగ కాదమ్మా."

"పేరే జెండా పండగ గదరా."

సాయిగణేష్ జెండాని బీరువాలో పెట్టేశాడు.

కాస్త పొద్దెక్కాక ఎదురింటి డాబా మీద జెండా లేచింది. ఆకుపచ్చ పైన, కాషాయం కింద. వీధిలో అందరూ చూశారు, ఒక్కరూ నోరు మెదపలేదు. చెప్పే మనిషి లేడు మరి. పట్టపగలే మా మేడ మీద తాడు టంగుమంది.

అత్తయ్య గబగబా మెట్లెక్కింది. వెనకే నేనూ. పిట్టగోడ దగ్గర నిలబడి, "మాణిక్యమ్మగారూ, జెండా తలకిందులుగా ఉందండీ. తిప్పి కట్టించండి" అంది. గొంతు ఆవిడదే, మాట ఆయనది. ఎదురింటావిడ నాలిక్కరుచుకుని అప్పటికప్పుడు దింపించి, తిప్పి కట్టించింది. అది చూసి అత్తయ్య అదే ఊపులో ట్యాంకు కింద చెయ్యి పెట్టి కవరు లాగింది.

విప్పగానే బురద వాసన గుప్పుమంది. ఆకుపచ్చ రంగు మీద అరచేతి మేర నల్లటి మరక. కాషాయం మీద ఏమీ లేదు.

ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు.

"ఏడాదిగా ఆయన్ని అలాగే పడుకోబెట్టాను" అంది. తర్వాత, "చాప తేవే, నేలకు తగలకూడదు" అంది.

ఆయన్ని పడుకోబెట్టిన చోటు మాకు తెలుసు. అక్కడే చాప వేసి, జెండా దాని మీద ఆ రోజు కప్పినట్టే పరిచింది. తర్వాత ఇటు చివర నేను, అటు చివర ఆవిడ పట్టుకుని తిప్పాం. కాషాయం తలవైపుకు వచ్చింది. నిద్రపోయేవాడి మీద దుప్పటి సర్దినట్టు చేత్తో ముడతలు సాపు చేసింది.

"ఇప్పుడు సరిపోయిందాండీ?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. పొద్దు వాలేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

మర్నాడు పొద్దున గమేళా ఆవిడే బయటికి తీసింది. మరకపడ్డ జెండాకి ఆయన ఏం చేసేవారో అదే చేసింది. మంట ఆరేదాకా చేతులు కిందికి చాపి, ఆ వంగిన నడుంతోనే వీలైనంత నిటారుగా నిలబడింది.

ఆ సాయంత్రం తాడు మళ్ళీ మోగింది. నేను బిక్కచచ్చిపోయి అత్తయ్య వైపు చూశాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

"దించుతున్నారు" అంది.

గాలి అందామని కిటికీలోంచి చూశాను. ఎదురింటి వాళ్ళు నిన్నటి జెండా ఇంకా దించలేదు. అది కదలకుండా వేలాడుతోంది. పైన తాడు మోగుతూనే ఉంది. నేను గాలి అనలేదు.